విదేశీ బేస్ నుంచి అమెరికాకు: సైనికుడి భార్య ఏ వీసా దారి పట్టాలి?

సామాన్లు సర్దేవాళ్లు జర్మనీలోని మా క్వార్టర్‌కి మంగళవారం పొద్దున్నే వచ్చారు. ముగ్గురు మనుషులు, గోధుమరంగు కాగితాల కట్టలు, చేతికో టేపు చుట్ట. రెండు గంటల్లో వంటిల్లు ఖాళీ. పెనం, పోపులపెట్టె, అమ్మ పంపిన ఆవకాయ సీసా మాత్రం నేను పక్కన పెట్టుకున్నాను. సాయంత్రం లారీ వెళ్లిపోయాక సొరుగు తీస్తే నీలం ఫైలు కనబడలేదు. పెళ్లి సర్టిఫికెట్ ఒరిజినల్, నా బర్త్ సర్టిఫికెట్, జర్మన్ పోలీసు పత్రం అన్నీ అందులోనే ఉన్నాయి. పుస్తకాలతో పాటు అట్టపెట్టెలోకి వెళ్లిపోయి టెక్సస్‌కి ఓడెక్కింది. అమెరికా సైన్యంలో ఉన్న మా ఆయన మూడు వారాల్లో కొత్త పోస్టింగ్‌లో రిపోర్ట్ చేయాలి. నా వీసా పిటిషన్ ఇంకా పెండింగ్. ఆయన విమానం ఎక్కారు, నేను ఖమ్మంలో అమ్మావాళ్లింటికి వచ్చేశాను. మళ్లీ కలవడానికి తొమ్మిది నెలలు పట్టింది.

ఆ తొమ్మిది నెలలూ తప్పించుకోగలిగినవే. దారి ఉంది, మాకు తెలియలేదు. అమెరికాలో వీసా మీద ఉన్నవాళ్లను సైన్యంలోకి తీసుకుంటూ 2008 నుంచి 2016 వరకు నడిచిన మావ్నీ పథకంలో చేరి పౌరులైన మన పిల్లలున్నారు, అక్కడే పుట్టి పెరిగి సైన్యంలో చేరినవాళ్లూ ఉన్నారు. వాళ్లను పెళ్లి చేసుకుని జర్మనీకో, ఇటలీకో, జపాన్‌కో, కొరియాకో కాపురానికి వెళ్తున్న అమ్మాయిలు నన్ను అడిగే ప్రశ్నలన్నీ చివరికి ఒక్కచోటికే వస్తాయి: ఇప్పుడే వేయాలా, ఆగాలా, వేస్తే ఎక్కడ వేయాలి? భార్య అని రాస్తున్నాను గానీ సైన్యంలో ఉన్నది ఆమె అయితే భర్తకూ ఇవే నియమాలు.

నా సలహాకు ఆధారం ఒకటే కాగితం, మీ ఆయన పోస్టింగ్ ఆర్డర్లు. అందులో రెండు విషయాలు చూడండి. ఈ పోస్టింగ్ ఎప్పుడు ముగుస్తుంది? మీ పేరు అందులో ఉందా? ఈ రెండూ తెలియకుండా ఏ ఫారమూ నింపకండి.

ఐడీ కార్డు వీసా కాదు

పెళ్లయ్యాక సైనిక కుటుంబాల జాబితా అయిన డీర్స్‌లో పేరు ఎక్కిస్తారు, డిపెండెంట్ ఐడీ కార్డు ఇస్తారు. దానితో బేస్ గేటు దాటొచ్చు, కమిసరీలో సరుకులు కొనొచ్చు, ఆసుపత్రికి వెళ్లొచ్చు. బేస్ ఉన్న ఆతిథ్య దేశంలో ఉండటానికి, ఆ దేశంతో అమెరికా చేసుకున్న సోఫా అనే సైనిక ఒప్పందం కింద హోదా వస్తుంది. అమెరికా ప్రభుత్వమే ఇచ్చిన కార్డు కదా అని చాలామంది దానితో అమెరికాలో దిగొచ్చనుకుంటారు. దిగలేరు. పైగా ఆ సోఫా హోదా మీ ఆయన పోస్టింగ్‌తో ముడిపడి ఉంటుంది. ఆయన అక్కణ్నుంచి కదిలారంటే మీరు అక్కడ ఉండే ఆధారం కూడా పోతుంది. అందుకే బదిలీ ఆర్డర్లు వచ్చాక మొదలుపెడదాంలే అనుకునే ఇల్లాలికి అమెరికా తలుపు తెరుచుకోకముందే ఇక్కడి తలుపు మూసుకుంటుంది.

లోకల్ ఫైలింగా, ఆన్‌లైనా?

పెళ్లయి, భర్త అమెరికా పౌరుడైతే మీకు కావలసింది ఐ-130 పిటిషన్. పౌరుడి జీవిత భాగస్వామికి ఏటా ఇన్ని వీసాలేనన్న పరిమితి లేదు, క్యూ లేదు. ఆలస్యమంతా పిటిషన్ పరిశీలించడంలోనే. దాన్ని వేయడానికి రెండు చోట్లున్నాయి.

మొదటిది అందరూ పోయే దారి. వలస దరఖాస్తులు చూసే అమెరికా సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు ఆన్‌లైన్‌లోనో పోస్టులోనో వేయడం. అది ఆమోదం పొంది, నేషనల్ వీసా సెంటర్‌కి వెళ్లి, అక్కడ ఫీజులూ పత్రాలూ పూర్తయ్యాక కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. చాలా కేసుల్లో ఇదంతా ఏడాది దాటుతుంది.

రెండోది మేం పోగొట్టుకున్న దారి. మామూలు పౌరులు విదేశంలో ఉన్నా ఐ-130ని కాన్సులేట్‌లో వేయాలంటే అసాధారణ కారణం చూపాలి. విదేశీ సైనిక స్థావరంలో పోస్టింగ్ మీద ఉన్న సైనికులకు మాత్రం యూఎస్‌సీఐఎస్ గంపగుత్తగా అనుమతి ఇచ్చింది. పీసీఎస్ ఆర్డర్లు, అంటే శాశ్వత బదిలీ ఉత్తర్వులు పట్టుకుని కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుంటే పిటిషన్ అక్కడే వేయొచ్చు. కేసు స్పష్టంగా ఉంటే అక్కడే ఆమోదించి, వీసా పని కూడా అక్కడే సాగిస్తారు. సముద్రం అవతలికి వెళ్లి రావాల్సిన ఫైలు ఒకే భవనంలో కదులుతుంది కాబట్టి నెలలకు నెలలు కలిసొస్తాయి. జర్మనీలో ఉన్నవాళ్లకు ఇమిగ్రెంట్ వీసాలు చూసేది ఫ్రాంక్‌ఫర్ట్, ఇటలీలో నేపుల్స్, కొరియాలో సియోల్.

దీనికి షరతులున్నాయి. సైనికుడు పౌరుడై ఉండాలి. తాత్కాలిక డ్యూటీ మీద, అంటే టీడీవై మీద వచ్చినవారికి ఈ గంపగుత్త అనుమతి వర్తించదు. రాయబార కార్యాలయంలోనో, బేస్ కాని మరో చోటనో పోస్టింగ్ ఉన్నవారికీ వర్తించదు. అలాంటివారికి ఉన్నట్టుండి బదిలీయో డిప్లాయ్‌మెంటో వస్తే, ఆ కారణం చూపి విడిగా అడగొచ్చు.

మేం చేసిన పొరపాటు ఇదీ. పెళ్లయిన మూడో వారమే ఉత్సాహంగా ఆన్‌లైన్‌లో వేసేశాం. ఇంట్లో కూర్చునే పని అయిపోతుంది కదా అనుకున్నాం. ఇప్పుడైతే ఆన్‌లైన్‌లో 50 డాలర్లు తక్కువ కూడా. 2024 ఏప్రిల్ 1 నుంచి ఉన్న ధరల్లో ఆన్‌లైన్ ఐ-130కి 625 డాలర్లు, కాగితం మీద వేస్తే 675. ఆర్డర్లు వచ్చాక కాన్సులేట్‌ను అడిగితే, అమెరికాలో ఒకసారి వేసేసినవారు అక్కడే త్వరగా చూడమని అర్జీ పెట్టుకోవాలని చెప్పారు. ఆ తొందరపాటుకు తొమ్మిది నెలల కాపురం పోయింది. బేస్‌లో పీసీఎస్ మీద ఉన్నవారు ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: ఆన్‌లైన్ బటన్ నొక్కకముందు కాన్సులేట్ వెబ్‌సైట్‌లో సైనికుల పేజీ చదవండి.

ఆన్‌లైనే సరైన సందర్భమూ ఒకటుంది. పెళ్లి చేసుకుని ఆయన బేస్‌కి వెళ్లిపోయి, మీరు ఇంకా ఇండియాలోనే ఉండి, బేస్‌కి వెళ్లే ఉద్దేశం లేకుండా నేరుగా అమెరికాకే పోవాలనుకుంటే అది చాలు. మన రెండు రాష్ట్రాలవాళ్లకు ఇంటర్వ్యూ సాధారణంగా ముంబైలో పడుతుంది, హైదరాబాద్‌లో కాదు.

పెళ్లి కాకముందే అయితే

కాబోయే భార్యగా కే-1 వీసా మీద వెళ్లి, అమెరికాలో 90 రోజుల్లోపు పెళ్లి చేసుకునే దారి వినడానికి సులువుగా ఉంటుంది. సైనిక కుటుంబానికి దీన్ని నేను సాధారణంగా వద్దంటాను. ముందు ఖర్చు చూడండి. కే-1 పిటిషన్ ఐ-129ఎఫ్‌కు 675, వీసాకు 265, అక్కడికి వెళ్లాక గ్రీన్‌కార్డు కోసం ఐ-485కు 1,440, మొత్తం 2,380 డాలర్లు. పెళ్లయ్యాక కాన్సులేట్ ద్వారా వస్తే 675, వీసాకు 325, ఇమిగ్రెంట్ ఫీజు 235, కలిపి 1,235. వైద్య పరీక్షల ఖర్చు రెండిటికీ వేరు.

డబ్బు కంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. ఐ-485 పెండింగ్‌లో ఉండగా ముందస్తు అనుమతి పత్రం లేకుండా అమెరికా దాటితే ఆ దరఖాస్తును వదులుకున్నట్టే. మీ ఆయనకు ఆ మధ్యలో మళ్లీ విదేశీ పోస్టింగ్ వస్తే మీరు వెంట వెళ్లలేరు. పైగా కాబోయే భార్యను సైన్యం కుటుంబ సభ్యురాలిగా లెక్కించదు. బేస్‌కి పిలిపించుకోలేరు, అలవెన్సులు రావు. పోస్టింగ్ నెలల్లో ముగిసి, ఇక కొన్నేళ్లు అమెరికాలోనే ఉంటారని గట్టిగా తెలిసి, పెళ్లి అక్కడే పెద్దల మధ్య చేయాలన్న కోరిక ఉంటేనే కే-1 ఆలోచించండి.

ఇక్కడే ఇంకో మాట. డిప్లాయ్‌మెంట్‌లో ఉండి వీడియోలో పెళ్లి చేసుకునేవాళ్లు ఉన్నారు. మోంటానా రాష్ట్రంలోనైతే సైనికులకు ఇద్దరూ ఎదురుగా లేకుండానే ప్రతినిధులతో పెళ్లి జరిపించుకునే వీలుంది. ఆ సర్టిఫికెట్ సైన్యానికి పనికొచ్చినా, దంపతులిద్దరూ ఒకేచోట లేకుండా జరిగిన పెళ్లి తర్వాత కలిసి కాపురం చేస్తేనే ఇమిగ్రేషన్ చట్టం వాళ్లను భార్యాభర్తలుగా ఒప్పుకుంటుంది. కాబట్టి అలాంటి పెళ్లి చేసుకున్నవారు తర్వాత కలిసిన ప్రయాణపు బోర్డింగ్ పాసులు, పాస్‌పోర్టు ముద్రలు, హోటల్ బిల్లులు దాచుకుని, ఆ తర్వాతే పిటిషన్ వేయండి.

టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడ చూసుకుందాం అనే సలహా కూడా బేస్‌లో ఎవరో ఒకరు ఇస్తారు. స్థిరపడే ఉద్దేశం మనసులో పెట్టుకుని, చుట్టపుచూపుగా వెళ్తున్నానని అధికారితో చెప్తే అది తప్పుడు సమాచారం కిందికి వస్తుంది. జీవితాంతం వెంటాడే నిషేధం పడవచ్చు. వద్దు.

పోస్టింగ్ ఇంకా రెండు మూడేళ్లుంటే

అసలైన ఎంపిక ఇక్కడుంది. కొత్త దంపతులు ఎక్కువగా తికమకపడేదీ ఇక్కడే. మీ ముందు మూడు పనులున్నాయి.

ఒకటి, ఇప్పుడేమీ చేయకుండా సోఫా హోదా మీదే ఉండి, బదిలీకి ఏడాది ముందు పిటిషన్ వేయడం. ఇందులో ఒక లాభం దాగుంది. అమెరికాలో అడుగుపెట్టే రోజుకి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే సీఆర్-1 వర్గం కింద రెండేళ్ల షరతు గ్రీన్‌కార్డు ఇస్తారు. అది ముగిసే ముందు 90 రోజుల్లో ఐ-751 వేసి షరతు తీయించుకోవాలి. రెండేళ్లు నిండితే ఐఆర్-1 కింద నేరుగా పదేళ్ల కార్డు. లెక్క వీసా వేసిన రోజుది కాదు, దిగిన రోజుది. ఇమిగ్రెంట్ వీసా గడువు ఆరు నెలల వరకు ఉంటుంది కాబట్టి, రెండో పెళ్లిరోజు దగ్గర్లో ఉంటే ఆ తర్వాత ప్రయాణం పెట్టుకోండి. వీసా మీద సీఆర్-1 అని ఉన్నా విమానాశ్రయంలో అధికారికి పెళ్లి సర్టిఫికెట్ చూపి మార్చమని అడగండి. మా పక్కింటి అమ్మాయి టికెట్‌ను 11 రోజులు జరుపుకుంది, ఐ-751 బాధ తప్పింది.

రెండు, ఇప్పుడే వీసా తీసుకుని, ఒకసారి అమెరికా వెళ్లి గ్రీన్‌కార్డు తెచ్చుకుని మళ్లీ బేస్‌కి వచ్చేయడం. అమెరికాలో ఉండకపోతే కార్డు పోతుందేమో అని భయపడతారు. మామూలువారి విషయంలో ఆ భయం సరైనదే. సైనికుడి భార్యకు మాత్రం 2008 జనవరిలో వచ్చిన చట్టం రక్షణ ఇస్తుంది. అధికారిక ఆర్డర్ల మీద భర్త వెంట విదేశంలో ఉండే భార్య నివాస హోదాను వదులుకున్నట్టు భావించకూడదని అందులో ఉంది. కార్డు గడువు దాటినా, పోస్టింగ్ ముగిసి తిరిగొచ్చే సైనికుడితో కలిసిగానీ, ముందుగానీ, నాలుగు నెలల్లోపు వెనకగానీ వస్తే ఆ పాత కార్డు మీదే ప్రవేశించే వెసులుబాటు నిబంధనల్లో ఉంది. ఈ రక్షణంతా ఆర్డర్లలో మీ పేరుందా అన్న దానిమీదే నిలుస్తుంది. అంటే కమాండ్ స్పాన్సర్‌షిప్, కుటుంబాన్ని వెంట ఉంచుకోవడానికి సైన్యం ఇచ్చే అధికారిక అనుమతి, కావాలి. అది లేకుండా సొంత ఖర్చుతో వెళ్లి బేస్ బయట ఇల్లు తీసుకుని ఉంటున్నవారు ఈ మాట మీద ధీమాగా ఉండొద్దు. వాళ్లు అమెరికాలో ఉండగానే ఐ-131 వేసి, తిరిగి ప్రవేశించడానికి పనికొచ్చే రీఎంట్రీ పర్మిట్ తెచ్చుకోవాలి.

మూడు, గ్రీన్‌కార్డు వచ్చిన వెంటనే పౌరసత్వం. మా రెండో విదేశీ పోస్టింగ్ ఇటలీలో విచెంజా. అప్పుడు నేను ఈ దారే పట్టాను, దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలోని 319(బి) సెక్షన్ కింద, భర్త విదేశీ పోస్టింగ్ దరఖాస్తు రోజు నుంచి కనీసం ఏడాది మిగిలి ఉంటే, భార్య మూడేళ్లు ఆగకుండా పౌరసత్వ దరఖాస్తు ఎన్-400 వేయొచ్చు. ఇన్ని రోజులు అమెరికాలో ఉండాలన్న నియమం లేదు. ఆయన వెంట విదేశంలో ఉంటానని, పోస్టింగ్ ముగిశాక అమెరికా తిరిగి వస్తానని ప్రకటించాలి. ఫీజు ఆన్‌లైన్‌లో 710 డాలర్లు. ఇంటర్వ్యూకి, ప్రమాణానికి మాత్రం అమెరికాలో ఉండాలి, ఆ టికెట్ ఖర్చు మనదే. ఇంగ్లిష్, సివిక్స్ పరీక్ష అందరికీ ఉన్నట్టే ఉంటుంది. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు చేసినవారిని 128 ప్రశ్నల జాబితాలోంచి 20 వరకు అడుగుతారు, 12 సరిగా చెప్పాలి.

దీనికి పక్కనే 319(ఇ) ఉంది. ఆర్డర్ల మీద భర్తతో విదేశంలో ఉన్న కాలాన్ని అమెరికాలో ఉన్నట్టే లెక్కగట్టి, ఇంటర్వ్యూ, ప్రమాణం కూడా విదేశంలోనే జరిపించే సెక్షన్ ఇది. ప్రయాణం తప్పుతుంది గానీ మూడేళ్ల నిరీక్షణ తప్పదు. చంటిబిడ్డతో సముద్రాలు దాటలేని తల్లికి ఇది మంచిది. పోస్టింగ్ రెండేళ్లే మిగిలినవారికి 319(బి) మంచిది.

పౌరసత్వం ముందు ఒక్కసారి ఇంటివైపు చూసుకోవాలి. భారతదేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. ప్రమాణం చేసిన రోజే మన పౌరసత్వం పోతుంది, పాస్‌పోర్టు సరెండర్ చేసి, విదేశీ పౌరులైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు తీసుకోవాలి. నేను చెప్పినప్పుడు నాన్న ఫోన్‌లో కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “పొలం సంగతేందమ్మా?” అన్నారు. ఓసీఐ ఉన్నవాళ్లు సాగుభూమి కొనలేరు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అది తెలిశాక, “అయితే నీ రెండెకరాలు నీకే. పోయిరా” అన్నారు. మీ ఇంట్లో భూమి కొనే ఆలోచన ఉంటే, ఆ లెక్క ఎన్-400 కంటే ముందే తేల్చుకోండి.

ఆయనే ఇంకా పౌరుడు కాకపోతే

గ్రీన్‌కార్డు మీద సైన్యంలో ఉన్నవారి భార్యలు ఎఫ్2ఎ వర్గంలోకి వస్తారు. దానికి ఏటా పరిమితి, క్యూ రెండూ ఉన్నాయి. లోకల్ ఫైలింగ్ కూడా కుదరదు. 2001 సెప్టెంబర్ 11 తర్వాత సేవలో ఉన్న సైనికులు సెక్షన్ 329 కింద ఫీజు లేకుండా, ఏళ్ల తరబడి ఆగకుండా పౌరసత్వానికి వేసుకోవచ్చు. కాబట్టి ముందు ఆయన ఎన్-400. మీది తర్వాత.

డబ్బు, పిల్లలు, కాగితాలు

స్పాన్సర్ ఆదాయం మామూలుగా పేదరిక రేఖకు 125 శాతం ఉండాలి. యాక్టివ్ డ్యూటీలో ఉన్న సైనికుడు భార్యకో బిడ్డకో ఆర్థిక హామీ పత్రం ఐ-864 ఇస్తే 100 శాతం చాలు. 2025 లెక్కన ఇద్దరున్న ఇంటికి అది 21,150 డాలర్లు. కొత్తగా చేరిన సైనికుడి జీతం కూడా దీన్ని దాటుతుంది, దీని గురించి నిద్ర మానుకోకండి. ఆయన విదేశంలో ఉన్నా ప్రభుత్వ ఉద్యోగం మీద ఉన్నారు కాబట్టి అమెరికా నివాసిగానే చూస్తారు.

మొదటి పెళ్లి బిడ్డ ఉన్నవారు జాగ్రత్త. కే-1లో బిడ్డ తల్లితో పాటే వస్తుంది. ఐ-130లో అలా రాదు, బిడ్డకు విడిగా ఇంకో పిటిషన్ వేయాలి. ఈ పెళ్లి జరిగే నాటికి బిడ్డకు 18 నిండి ఉండకూడదు.

మనవాళ్ల ఫైళ్లు ఎక్కువగా ఆగేది పేర్ల దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పెళ్లి సర్టిఫికెట్‌లో ఆయన ఇంటిపేరు. ముగ్గురు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తుంది. పిటిషన్‌కి ముందే పాస్‌పోర్టు స్పెల్లింగ్‌ను ఆధారం చేసుకుని మిగతావి సరిచేయించండి. పుట్టుక నమోదు కాకపోతే మున్సిపాలిటీ నుంచో పంచాయతీ నుంచో నమోదు లేదన్న పత్రం, దానికి తోడు ఇతర ఆధారాలు కావాలి. గుడిలో ఇచ్చిన రసీదు చాలదు, సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన పెళ్లి సర్టిఫికెట్ కావాలి. ఆయన సెలవు అయిపోయేలోపే ఆ సంతకాలు పూర్తిచేయించండి, ఒక్కరే వెళ్తే పని కాదు. ఇప్పుడు ఉంటున్న బేస్ దేశంలో ఆరు నెలలు దాటితే, ఇదివరకు ఉండి వచ్చిన దేశమైతే అక్కడ ఏడాది గడిపి ఉంటే, అక్కడి పోలీసు సర్టిఫికెట్ కూడా అడుగుతారు. ఇండియాది పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ (పీసీసీ).

కాపురం నిజమైనదని చూపడానికి ఫొటోలు మాత్రమే పెట్టి ఊరుకోకండి. డీర్స్ నమోదు, మీ పేరున్న ఆర్డర్లు, జాయింట్ అకౌంట్, ఆయన సైనిక జీవిత బీమా ఎస్‌జీఎల్‌ఐలో లబ్ధిదారుగా మీ పేరు, ఇవి మామూలు దంపతుల దగ్గర ఉండని బలమైన సాక్ష్యాలు. బేస్‌లోని లీగల్ అసిస్టెన్స్ ఆఫీసులో సలహా ఉచితం. ఫారం నింపాక కాదు, నింపకముందు వెళ్లండి. ఫీజులు, ఫారం ఎడిషన్లు మారుతుంటాయి, వేసే రోజున యూఎస్‌సీఐఎస్ పేజీలో మళ్లీ చూసుకోండి.

విచెంజా నుంచి కదిలేటప్పుడు సామాన్లు సర్దేవాళ్లు వచ్చేది ఉదయం ఎనిమిదింటికన్నారు. ఏడింటికే నీలం ఫైలు, పాస్‌పోర్టులు, పాప బర్త్ సర్టిఫికెట్ ఒక సంచీలో వేసి కారు డిక్కీలో పెట్టి తాళం వేశాను. వాళ్లు సాయంత్రం లారీ తలుపు మూసేదాకా ఆ తాళంచెవి నా గుప్పిట్లోనే ఉంది.